క్వాంటం వాయువుల అనుకరణకు సమాంతర గణన సాఫ్ట్‌వేర్

అతి శీతల పరమాణువుల గుంపు ప్రవర్తనను కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. వాటిలో లెక్కను ముక్కలు చేసి, ఒకేసారి అనేక ప్రాసెసర్ల మీద నడిపేవాటి గురించి ఈ వ్యాసం. ఈ రంగంలో సమీకరణాలు పాతవి, పొట్టివి. ప్రధానమైనది ఒక్క పంక్తిలో ఇముడుతుంది. దాన్ని ఒక ల్యాప్‌టాప్ మీద ఒక దిశలో సాధించడం ఎమ్మెస్సీ విద్యార్థికి అందే పనే. మూడు దిశల్లో, దూరం నుంచి కూడా పరస్పరం లాక్కునే పరమాణువులతో సాధించాల్సి వస్తే చిక్కు మరోచోట మొదలవుతుంది. కూడికలు, గుణకారాలు చేయడానికి పట్టే సమయం కన్నా అంకెలను మెమరీ నుంచి ప్రాసెసర్‌కూ, ఒక యంత్రం నుంచి మరో యంత్రానికీ చేరవేయడానికి పట్టే సమయమే ఎక్కువ. ఈ ప్రోగ్రాములు రాసేవారి నైపుణ్యమంతా ఆ రవాణాను తగ్గించడంలోనే ఉంటుంది.

పదార్థం, సమీకరణం

1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను లెక్కించే కొత్త పద్ధతిని ప్రతిపాదించాడు. ఐన్‌స్టీన్ దాన్ని పరమాణువులకు విస్తరించి, తగినంత చల్లబరిస్తే అవి పెద్దసంఖ్యలో ఒకే క్వాంటం స్థితిలోకి దిగిపోతాయని చెప్పాడు. ఆ మాట ప్రయోగశాలలో రుజువు కావడానికి 70 ఏళ్లు పట్టింది. 1995 జూన్‌లో అమెరికాలోని బౌల్డర్‌లో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ సుమారు 2,000 రుబీడియం పరమాణువులతో తొలి బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్‌ను తయారుచేశారు. అప్పటి ఉష్ణోగ్రత 170 నానోకెల్విన్ దగ్గర. కొద్ది నెలల్లోనే మసాచుసెట్స్‌లో వోల్ఫ్‌గాంగ్ కెటర్లీ సోడియంతో ఇంకా పెద్ద కండెన్సేట్‌ను చేశాడు. ముగ్గురికీ 2001లో నోబెల్ వచ్చింది. పొటాషియం-40 వంటి, ఒకే స్థితిలో రెండు ఇమడని ఫెర్మి పరమాణువులను క్వాంటం స్థితికి చల్లబరచడం 1999లో సాధ్యమైంది.

ఈ వాయువు చాలా పలుచన. ఘన సెంటీమీటరుకు 10 లక్షల కోట్ల నుంచి వెయ్యి లక్షల కోట్ల పరమాణువులు. అంటే మనం పీల్చే గాలి కన్నా సుమారు లక్ష రెట్లు పలుచన. పరమాణువుల మధ్య దూరం 200 నానోమీటర్ల దాపున ఉంటే, రుబీడియం పరమాణువులు ఢీకొనే దూరాన్ని సూచించే కొలత 5 నానోమీటర్ల చిల్లర మాత్రమే. అందువల్ల లక్ష పరమాణువులకు లక్ష తరంగ ప్రమేయాలు రాయనక్కర్లేదు, అన్నిటికీ కలిపి ఒక్కటి చాలు. ఆ ఒక్క తరంగ ప్రమేయం కాలంతో ఎలా మారుతుందో చెప్పే సమీకరణాన్ని 1961లో యూజీన్ గ్రాస్, లెవ్ పిటాయెవ్‌స్కీ విడివిడిగా కనుగొన్నారు. ష్రోడింగర్ సమీకరణానికి ఒక అదనపు పదం చేర్చితే అది వస్తుంది. ఆ పదంలో తరంగ సాంద్రతే మళ్లీ తన మీద తాను పనిచేస్తుంది. ఈ స్వీయ ప్రభావం వల్ల సమీకరణం అరేఖీయమవుతుంది. కాగితం మీద సమాధానం దొరికే సందర్భాలు కొన్నే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన గిరీశ్ అగర్వాల్, ప్రశాంత పాణిగ్రాహి, రజనీశ్ ఆత్రే కలిసి 2006లో ఒక దిశకు పరిమితమైన గ్రాస్-పిటాయెవ్‌స్కీ సమీకరణానికి ఒంటరి తరంగాల రూపంలో కచ్చితమైన సమాధానాల వర్గాన్ని ప్రచురించారు. ఇలాంటివి విలువైనవి. ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో తేల్చుకోవడానికి ఇవే గీటురాళ్లు. అయితే ప్రయోగశాలలో ఉండే మూడు దిశల బోనుకు, తిరిగే వాయువుకు, అయస్కాంత పరమాణువులకు కంప్యూటర్ తప్ప దారి లేదు.

గ్రిడ్ మీద లెక్క

కంప్యూటర్‌కు అవిచ్ఛిన్న స్థలం తెలియదు. పరమాణువులున్న పెట్టెను చిన్న చిన్న గళ్లుగా కోసి, ప్రతి గడి దగ్గర తరంగ ప్రమేయం విలువను ఒక సంకీర్ణ సంఖ్యగా దాచుకుంటుంది. ఒక్కో సంఖ్యకు 16 బైట్లు. ప్రతి దిశలో 256 గళ్లు పెడితే మొత్తం కోటీ 67 లక్షల చిల్లర గళ్లు, 256 మెగాబైట్ల మెమరీ. గళ్లను 512కు పెంచితే 13 కోట్ల 42 లక్షలు, 2 గిగాబైట్లు. 1,024 అయితే 16 గిగాబైట్లు. ఇది ఒక్క తరంగ ప్రమేయానికే. పరమాణువుల మధ్య దూరపు బలాల పట్టిక, మధ్యలో వాడే తాత్కాలిక పట్టికలు కలిపితే అవసరం నాలుగైదు రెట్లకు చేరుతుంది. ఒక దిశలో గళ్లను రెట్టింపు చేస్తే మొత్తం మెమరీ రెట్టింపవుతుంది, మూడు దిశల్లోనూ చేస్తే ఎనిమిది రెట్లవుతుంది. దాంతోపాటు సమయపు అడుగును కూడా తగ్గించాల్సి వస్తుంది కాబట్టి శ్రమ ఎనిమిది రెట్లను దాటిపోతుంది.

సమయాన్ని అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగులో సమీకరణంలోని భాగాలను విడివిడిగా వర్తింపజేయడం ఈ రంగంలో వాడుకలో ఉన్న పద్ధతి. బోను బలం, పరమాణువుల పరస్పర బలం ఒక భాగం, గతిశక్తి మరో భాగం. మొదటిది చాలా తేలిక. ప్రతి గడిలోని సంఖ్యను ఆ గడికి సంబంధించిన దశతో గుణిస్తే చాలు, పక్క గడితో పని లేదు. గతిశక్తి భాగంలో మాత్రం పక్క గళ్లు కావాలి. అక్కడ రెండు దార్లు. ఒకటి క్రాంక్-నికొల్సన్ పద్ధతి: x, y, z దిశల్లో ఒక్కో గీతను విడిగా తీసుకుని మూడు వికర్ణాల మాత్రికను సాధించడం. రెండోది ఫూరియర్ పరివర్తన: తరంగ ప్రమేయాన్ని ద్రవ్యవేగాల భాషలోకి మార్చి, అక్కడ ఒక గుణకారంతో పని ముగించి వెనక్కి మార్చడం.

నిజ కాలంలో నడిపితే వాయువు గతి కనిపిస్తుంది. కాలాన్ని ఊహా సంఖ్యగా మార్చి నడిపితే ఎక్కువ శక్తి ఉన్న స్థితులు క్రమంగా కరిగిపోయి, చివరికి అతి తక్కువ శక్తి స్థితి మిగులుతుంది. ఒకే ప్రోగ్రామును రెండు రకాలుగా వాడుకోవడానికి వీలిచ్చే ఈ చిన్న ఉపాయం ఈ రంగంలో దాదాపు ప్రతి ప్యాకేజీలోనూ ఉంది. మొదట ఊహా కాలంలో స్థిర స్థితిని తయారుచేసుకుంటారు, ఆపైన బోనును కదిపి నిజ కాలంలో ఏమవుతుందో చూస్తారు.

పని పంపకం

ఇక్కడ మూడు అంచెలున్నాయి. ఒకే యంత్రంలో ఉన్న కోర్లన్నీ ఒకే మెమరీని పంచుకుంటాయి. వాటికి పని పంచే ప్రమాణం ఓపెన్‌ఎంపీ, 1997లో ఫోర్ట్రాన్ కోసం మొదలైంది. వేర్వేరు యంత్రాలు, అంటే నోడ్లు, ఒకదాని మెమరీని మరొకటి చూడలేవు. వాటి మధ్య సందేశాలు పంపే ప్రమాణం ఎంపీఐ, 1994 నాటిది. మూడోది గ్రాఫిక్స్ ప్రాసెసర్, అందరూ జీపీయూ అంటారు. దీన్ని సాధారణ లెక్కలకు వాడుకునే కుడా అనే పరికరాల సముదాయాన్ని ఎన్విడియా 2007లో విడుదల చేసింది.

ఓపెన్‌ఎంపీ చాలా తేలికగా చేరుతుంది. లూపు ముందు ఒక సూచన పంక్తి రాస్తే కంపైలర్ ఆ లూపును కోర్ల మధ్య పంచుతుంది. క్రాంక్-నికొల్సన్ పద్ధతికి ఇది బాగా నప్పుతుంది. ఒక గీత వెంట మూడు వికర్ణాల మాత్రికను సాధించే పని స్వభావరీత్యా వరుస పని, మొదటి గడి తేలకుండా రెండోది తేలదు. కానీ 256 గళ్ల గ్రిడ్‌లో ఒక దిశకు 65,536 గీతలుంటాయి, ఒకదానికొకటి సంబంధం లేనివి. కాబట్టి గీత లోపల సమాంతరం లేకపోయినా గీతల మధ్య కావలసినంత ఉంది.

అయినా 16 కోర్లు పెడితే 16 రెట్ల వేగం రాదు. కారణం రెండు వైపుల నుంచి వస్తుంది. ఫైలు చదవడం, ఫలితాలు రాయడం, మొత్తాలు కూడి సరిచూడడం లాంటివి పంచలేని పనులు. మొత్తం పనిలో ఇవి 5 శాతం ఉంటే ఎన్ని కోర్లు పెట్టినా 20 రెట్లకు మించి వేగం రాదని 1967లో జీన్ ఆమ్డాల్ చూపిన లెక్క చెబుతుంది. ఈ కారణం అందరికీ తెలిసిందే. తక్కువమంది గమనించే కారణం మెమరీ. గ్రాస్-పిటాయెవ్‌స్కీ లెక్కలో ఒక్కో గడికి ఒక అడుగులో జరిగే గణితం కొన్ని పదుల క్రియలే. ఆ కాస్త పనికి 16 బైట్లను మెమరీ నుంచి తెచ్చి, మళ్లీ రాయాలి. కోర్లు ఖాళీగా కూర్చుని అంకెల కోసం ఎదురుచూస్తాయి. కోర్ల సంఖ్య పెరిగినా మెమరీ దారి వెడల్పు అంతే ఉంటే వేగం ఒక చోట నిలిచిపోతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు కోర్ల సంఖ్య చూసి యంత్రాన్ని ఎంచుకుంటారు. మెమరీ దారి చూడడం మేలు.

నోడ్లు వేరైనప్పుడు సంగతి మరింత బిగుసుకుంటుంది. పెట్టెను పలకలుగా కోసి ఒక్కో పలకను ఒక్కో నోడ్‌కు ఇస్తారు. పలక అంచున ఉన్న గళ్లకు పక్క నోడ్‌లోని గళ్లు కావాలి కనుక, పక్కపక్క గళ్లతోనే తేలే పద్ధతుల్లో ప్రతి అడుగులో అంచు వరుసలను ఇచ్చిపుచ్చుకోవాలి. గద్వాల చీర నేతలో నూలు ఒంటికీ పట్టు అంచుకూ వేర్వేరు నాడెలు ఉంటాయి. ఒంటి పేక, అంచు పేక కలిసే చోట ప్రతి పోటుకూ ఒకదానిలో ఒకటి చిక్కించి ముందుకు సాగుతారు. ఒంటి నాడె ఎంత వేగంగా ఆడినా అంచు నాడెను వదిలి పది పోట్లు ముందుకు పోలేదు. అంచుల ఇచ్చిపుచ్చుకోలు ఉన్న ప్రోగ్రాములో నోడ్ల పరిస్థితి కూడా అంతే, అన్నిటికన్నా నెమ్మదైన నోడ్ వేగమే మొత్తం వేగం.

అయితే ఇక్కడ చెప్పిన విడగొట్టే పద్ధతుల్లో పక్క నోడ్‌తో మాట్లాడితే సరిపోదు. పెట్టెను x దిశలో పలకలుగా కోశామనుకుందాం. y, z గీతలు పూర్తిగా ఒకే నోడ్‌లో ఉంటాయి, ఇబ్బంది లేదు. x గీతలు మాత్రం అన్ని నోడ్లలోనూ ముక్కలై పడి ఉంటాయి. వాటిని సాధించడానికి మొత్తం గ్రిడ్‌ను తిరగేసి, x గీతలు ఒకే నోడ్‌లోకి వచ్చేలా మళ్లీ పంచాలి, పని అయ్యాక యథాస్థానానికి తేవాలి. ఫూరియర్ పరివర్తనకూ ఇదే తిరగేత తప్పదు. ఇందులో ప్రతి నోడ్ ప్రతి ఇతర నోడ్‌కూ ఒక ముక్క పంపుతుంది. 64 నోడ్లుంటే ఒక తిరగేతకు 4,032 సందేశాలు. నోడ్ల సంఖ్య పెరిగేకొద్దీ సందేశాలు వర్గంలో పెరుగుతాయి, ఒక్కో సందేశం చిన్నదైపోతుంది, పంపడానికి సిద్ధమయ్యే సమయమే పంపే సమయాన్ని మించిపోతుంది. ఈ కారణంగానే ప్రతి కోర్‌కూ ఒక ఎంపీఐ ప్రక్రియ పెట్టకుండా, నోడ్‌కు ఒకటి పెట్టి లోపల ఓపెన్‌ఎంపీతో పంచే మిశ్రమ పద్ధతి వాడుకలోకి వచ్చింది.

జీపీయూ ఈ బొమ్మను కొంత మార్చింది. దాని మెమరీ దారి మామూలు ప్రాసెసర్ దారి కన్నా చాలా వెడల్పు. గణితం తక్కువ, రవాణా ఎక్కువ ఉన్న ఈ లెక్కకు అది సరిగ్గా కావలసిన గుణం. కాకపోతే రెండు షరతులు. గ్రిడ్ మొత్తం కార్డు మెమరీలో పట్టాలి, లేకపోతే అటూ ఇటూ తిప్పడంలోనే లాభం పోతుంది. రెండోది, ఆటల కోసం అమ్మే కార్డుల్లో 64 బిట్ల గణితం వేగం 32 బిట్ల వేగంలో 32వ వంతో 64వ వంతో ఉంటుంది. దుకాణంలో కార్డు పెట్టె మీద రాసిన పెద్ద అంకె 32 బిట్లది. క్వాంటం వాయువుల లెక్కల్లో లక్షల అడుగులు నడవాలి, చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి కనుక 64 బిట్లను వదులుకోవడం తేలిక కాదు.

తిరుచిరాపల్లి, సావోపావ్లో, బెల్‌గ్రేడ్

ఈ రంగంలో విరివిగా వాడే ప్రోగ్రాముల వరుస ఒకటి మన పొరుగు రాష్ట్రంతో ముడిపడి ఉంది. తిరుచిరాపల్లిలోని భారతిదాసన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే పాల్‌సామి మురుగానందం, బ్రెజిల్‌లోని సావోపావ్లో రాష్ట్ర విశ్వవిద్యాలయపు సైద్ధాంతిక భౌతిక సంస్థలో స్థిరపడ్డ బెంగాలీ శాస్త్రవేత్త సాధన్ అధికారి 2009లో గ్రాస్-పిటాయెవ్‌స్కీ సమీకరణానికి ఫోర్ట్రాన్ ప్రోగ్రాముల సంపుటిని ప్రచురించారు. ఒకటి, రెండు, మూడు దిశలకు, నిజ కాలానికీ ఊహా కాలానికీ విడివిడి ప్రోగ్రాములు. అన్నీ క్రాంక్-నికొల్సన్ పద్ధతివే. భారతిదాసన్‌లో ఎం. లక్ష్మణన్ పెంచిన అరేఖీయ గతిశాస్త్ర కేంద్రం అప్పటికే పేరున్నది, కాబట్టి అలాంటి చోట ఈ పని పుట్టడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా వాటి సాదాతనం. విస్తృతమైన చట్రాలు, తరగతుల పొరలు లేవు. ఒక ఫైలు తెరిస్తే పై నుంచి కింది దాకా చదివి అర్థం చేసుకోవచ్చు. చాలామంది పరిశోధకులు వాడే సాఫ్ట్‌వేర్‌కు ఇది బలహీనత అనిపించవచ్చు, నా ఉద్దేశంలో అవి ఇంతగా పాకడానికి కారణం ఇదే. సమీకరణంలో కొత్త పదం చేర్చాలనుకున్న విద్యార్థి ఎక్కడ చేర్చాలో తానే వెతుక్కోగలడు.

సమాంతర గణన ఈ వరుసలోకి బెల్‌గ్రేడ్ నుంచి వచ్చింది. అక్కడి భౌతిక శాస్త్ర సంస్థలో అంతున్ బలాజ్ నడిపే బృందం 2012లో ఈ ప్రోగ్రాములను సీ భాషలోకి మార్చి ఓపెన్‌ఎంపీ చేర్చింది. ద్విధ్రువ అయస్కాంత గుణం ఉన్న పరమాణువుల కోసం ఫోర్ట్రాన్, సీ ప్రోగ్రాములు 2015లో వచ్చాయి. వాటి మొదటి రచయిత ఆర్. కిశోర్ కుమార్. 2016 ఒక్క ఏడాదిలోనే వరసగా కుడా రూపం, ఎంపీఐ-ఓపెన్‌ఎంపీ మిశ్రమ రూపం, అయస్కాంత వాయువులకు అనేక జీపీయూల మీద నడిచే కుడా-ఎంపీఐ రూపం వెలువడ్డాయి. కుడా పనికి వ్లాదిమిర్ లోంచార్, మిశ్రమ రూపానికి బోగ్దాన్ సతారిచ్ ముందున్నారు. తిరిగే కండెన్సేట్లకు 2019లో, స్పిన్ ఉన్న వాయువుల్లో స్పిన్-కక్ష్య బంధానికి 2021లో ప్రోగ్రాములు వచ్చాయి, అయస్కాంత వాయువులకు నవీకరించిన ఓపెన్‌ఎంపీ ఫోర్ట్రాన్ రూపం 2023లో వచ్చింది. వీటిని ప్రచురించిన పత్రిక కంప్యూటర్ ఫిజిక్స్ కమ్యూనికేషన్స్. 1969లో మొదలైన ఈ పత్రికకు ఒక ప్రత్యేకత ఉంది, ప్రోగ్రామును వర్ణించే వ్యాసంతోపాటు ఆ ప్రోగ్రాము కూడా ఇవ్వాలి. ఆ ప్రోగ్రాములను చాలా కాలం బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంగా భద్రపరిచింది.

అయస్కాంత పరమాణువులు ఎందుకంత ముఖ్యమయ్యాయో ఒక మాట. రుబీడియంలో పరమాణువులు దాదాపు తాకినప్పుడే ఒకదాన్నొకటి గుర్తిస్తాయి. క్రోమియం, డిస్ప్రోసియం, ఎర్బియంలలో దూరం నుంచే గుర్తిస్తాయి, పైగా పక్కపక్కన ఉంటే వికర్షణ, ఒకదాని తల మీద ఒకటి ఉంటే ఆకర్షణ. క్రోమియం కండెన్సేట్ 2005లో స్టట్‌గార్ట్‌లో, డిస్ప్రోసియంది 2011లో అమెరికాలో, ఎర్బియంది 2012లో ఇన్స్‌బ్రుక్‌లో తయారయ్యాయి. డిస్ప్రోసియంలో తనంత తాను నిలబడే క్వాంటం బిందువులు 2016 ప్రాంతంలో కనిపించాయి. 2019లో ఇటలీ, స్టట్‌గార్ట్, ఇన్స్‌బ్రుక్ బృందాలు ఘనపదార్థపు క్రమమూ ఘర్షణ లేని ప్రవాహమూ కలిసి ఉండే అతిఘన స్థితిని చూపాయి. వీటిని లెక్కగట్టాలంటే ప్రతి గడికీ మిగతా గళ్లన్నిటి ప్రభావం కూడాలి. కోటి గళ్లుంటే నేరుగా కూడడం అసాధ్యం. ఫూరియర్ పరివర్తనతో ఆ కూడిక ఒక గుణకారంగా మారుతుంది కాబట్టే పని జరుగుతోంది. సాధారణ ప్రాసెసర్లలో దీనికి మసాచుసెట్స్‌లో పుట్టిన ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ గ్రంథాలయాన్ని, జీపీయూలలో ఎన్విడియా ఇచ్చేదాన్ని వాడతారు. అయితే ఫూరియర్ పరివర్తన పెట్టె అంచు దాటితే మళ్లీ అదే పెట్టె ఉన్నట్టు భావిస్తుంది. అలా లేని పొరుగు వాయువుల ఆకర్షణ లెక్కలోకి చొరబడుతుంది. బలాన్ని కొంత దూరం తర్వాత కత్తిరించడం దీనికి 2006 నుంచి తెలిసిన పరిష్కారం.

ఇతర ప్యాకేజీలు

ఫ్రాన్స్‌లో గ్జేవియర్ ఆంత్వాన్, రొమ్యాఁ దుబోస్క్ 2014లో మ్యాట్‌ల్యాబ్ కోసం జీపీఈల్యాబ్ తెచ్చారు. సమీకరణాన్ని మామూలు రూపంలో రాసిస్తే తానే సీ++ ప్రోగ్రాము తయారుచేసే ఎక్స్‌ఎండీఎస్-2 ఆస్ట్రేలియాలో పుట్టింది. ట్రాటర్-సుజుకి-ఎంపీఐ అనేక నోడ్ల మీదా జీపీయూల మీదా నడుస్తుంది, పైథాన్ నుంచి పిలవవచ్చు. జీపీయూఈ అనేది తిరిగే వాయువులో పుట్టే సుడుల అధ్యయనానికి జీపీయూ మీద రాసినది. బీఈసీ-టు-హెచ్‌పీసీ పెద్ద క్లస్టర్ల కోసం స్థిర స్థితులను వెతుకుతుంది. వీటిలో ఏది మేలని అడిగితే ఒకే జవాబు లేదు. పైథాన్ అలవాటున్నవారికి ఒకటి, సమీకరణాన్ని రోజుకోలా మార్చే సైద్ధాంతికులకు మరొకటి.

సగటు సరిపోనప్పుడు

గ్రాస్-పిటాయెవ్‌స్కీ సమీకరణం సగటు చిత్రం. పరమాణువుల మధ్య బలం పెరిగినా, ఉష్ణోగ్రత పెరిగినా, లేజర్ కాంతితో అల్లిన జాలకంలో వాటిని బంధించినా ఆ చిత్రం విరిగిపోతుంది. 2002లో మ్యూనిక్‌లో మార్కుస్ గ్రైనర్ బృందం జాలకాన్ని లోతుగా చేసి, ప్రవహించే వాయువును కదలని మాట్ స్థితిలోకి మార్చి చూపినప్పటి నుంచి ఈ ప్రాంతం బాగా దున్నబడింది. ఇక్కడ ఒక్కో పద్ధతికి సమాంతరం ఒక్కో విధంగా కుదురుతుంది.

ఉన్నదున్నట్టు లెక్కించడం మొదటి ఆలోచన. 10 స్థానాల్లో 10 బోస్ కణాలను అమర్చే విధాలు 92,378. ఏ ల్యాప్‌టాప్‌కైనా ఇది చాలా చిన్న పని. 20 స్థానాల్లో 20 కణాలకు 6,892 కోట్లు, సంకీర్ణ సంఖ్యలు కాక వాస్తవ సంఖ్యలతో సరిపెట్టుకున్నా ఒక్క స్థితిని దాచడానికే 551 గిగాబైట్లు. 30కి 59 వేల లక్షల కోట్లు, ఇక ఏ యంత్రమూ చాలదు. నోడ్లు పెంచి ఈ గోడను దాటలేరు, ఒక కణమో రెండో ముందుకు జరపగలరు.

ఉష్ణోగ్రత ప్రభావాన్ని యాదృచ్ఛిక హెచ్చుతగ్గులతో లెక్కలోకి తెచ్చే పద్ధతుల్లో ఒకే సమీకరణాన్ని వేర్వేరు మొదళ్లతో వందల సార్లు నడిపి సగటు తీస్తారు. ఒక పరుగుకు మరో పరుగుతో మాటలే ఉండవు కాబట్టి వంద నోడ్లు ఇస్తే వంద రెట్లు వస్తాయి. రాసేవారికి ఇంతకన్నా సుఖం లేదు. క్వాంటం మాంటీ కార్లో పద్ధతులూ చాలావరకు ఇలాంటివే. నికొలాయ్ ప్రొకోఫ్యెవ్, బొరిస్ స్విస్తునోవ్ తదితరులు 1998లో తెచ్చిన వార్మ్ పద్ధతి బోస్ కణాల విషయంలో ఎంత నమ్మదగిందో 2010లో బయటపడింది. మ్యూనిక్ బృందం జాలకంలోని వాయువు మీద చేసిన కొలతలను, 3 లక్షల కణాల దాకా అదే ఆకారంలో చేసిన అనుకరణతో పక్కపక్కన పెట్టి చూశారు, రెండూ కలిశాయి. ఏ సవరణ గుణకమూ వాడకుండా ప్రయోగమూ లెక్కా ఇంత పెద్ద సంఖ్యలో కలవడం ఈ రంగంలో అరుదు.

ఫెర్మి కణాలకు వచ్చేసరికి మాంటీ కార్లో పద్ధతి కుంటుపడుతుంది. కూడే సంఖ్యల్లో సగం ధనం, సగం రుణం అయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలే చిన్న తేడాలో దోషమే ఎక్కువ. సాధారణ రూపంలో ఈ సంజ్ఞ సమస్య గణన సిద్ధాంతం దృష్ట్యా ఎన్‌పీ-కఠినమని, అంటే వేగవంతమైన సాధారణ పరిష్కారాన్ని ఆశించలేనిదని 2005లో మథియాస్ ట్రోయర్, ఉవె-యెన్స్ వీసె చూపారు. అందుకని ఫెర్మి వాయువుల గతికి మరో దారి పట్టారు. ఔరెల్ బుల్గాక్ బృందం సాంద్రతా ప్రమేయ సిద్ధాంతాన్ని కాలంతో నడిపి, ఫెర్మి అతిద్రవంలో సుడులు పుట్టి కలిసి తెగే తీరును 2011లో సైన్స్ పత్రికలో చూపింది. అందులో పదివేల సంఖ్యలో తరంగ ప్రమేయాలు ఒకేసారి నడుస్తాయి. ఒక్కోటి ఒక్కో ప్రాసెసర్‌కు అందుతుంది, సాంద్రత కూడేటప్పుడే అవి కలుసుకుంటాయి. ఈ సంప్రదాయాన్ని వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయం బహిరంగ సాఫ్ట్‌వేర్‌గా మలిచింది. అది జీపీయూ క్లస్టర్లను వాడుకునేలా రాసినది.

ఒక దిశలో బారులు తీరిన కణాలకు 1992లో స్టీవెన్ వైట్ కనుగొన్న సాంద్రతా మాత్రిక పద్ధతి, దాని సంతతి అయిన టెన్సర్ జాలాలు బాగా పనిచేస్తాయి. ఇవి ఒక చివర నుంచి మరో చివరకు వరసగా ఊడ్చుకుంటూ పోయే లెక్కలు. పంచడం కష్టం, ప్రధానంగా మాత్రికల గుణకారం లోపలే కోర్లకు పని దొరుకుతుంది.

ఫలితాన్ని నమ్మడం

సమాంతర ప్రోగ్రాము తప్పు చేస్తే అది అందమైన బొమ్మల రూపంలోనే బయటపడుతుంది. ఊహా కాలంలో శక్తి ఎప్పుడూ దిగాలి, ఎక్కితే సమయపు అడుగు పెద్దదైనట్టు. నిజ కాలంలో పరమాణువుల సంఖ్య మారకూడదు, బోనును కదపనంతవరకు శక్తీ మారకూడదు. గడి పరిమాణాన్ని సగం చేసినా, పెట్టెను పెంచినా ఫలితం నిలబడాలి. బలమైన వికర్షణ ఉన్నప్పుడు సాంద్రత థామస్-ఫెర్మి సూత్రం ఇచ్చే తలకిందుల పరావలయానికి దగ్గర కావాలి. ఇక ఒక విచిత్రం. ఒకే ప్రోగ్రామును 8 కోర్లతో ఒకసారి, 16తో ఒకసారి నడిపితే చివరి అంకెలు కలవవు. కంప్యూటర్ కూడికలో క్రమం మారితే గుండ్రం చేసే తీరు మారుతుంది. శాంతంగా ఉన్న వాయువులో ఆ తేడా అక్కడే ఆగిపోతుంది. సుడులు కలగాపులగమైన అల్లకల్లోల ప్రవాహంలో అది పెరిగి, కొంతసేపటికి రెండు పరుగుల్లో సుడులు వేర్వేరు చోట్ల ఉంటాయి. రెండూ తప్పు కావు, పోల్చాల్సింది ఒక్కో సుడి స్థానాన్ని కాదు, సగటులను.

తెలుగు నేలమీద

కేంద్రం 2015లో ఆమోదించిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీడాక్ నిర్మించిన యంత్రాల్లో ఒకటి, పరమ్ సేవ, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది. దాని శక్తి 838 టెరాఫ్లాప్‌లు, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల గణిత క్రియలు చేయగల గరిష్ఠ సామర్థ్యం. తిరుచిరాపల్లి ఎన్‌ఐటీలోని పరమ్ పొరుళ్‌ది కూడా అంతే శక్తి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నమూనాలు, అనుకరణల కోసం ప్రత్యేక కేంద్రం చాలాకాలంగా నడుస్తోంది. 838 అన్న అంకెను గ్రాస్-పిటాయెవ్‌స్కీ లెక్కకు అలాగే అన్వయించకూడదు. పైన చెప్పినట్టు అది మెమరీ మీద ఆధారపడ్డ లెక్క కాబట్టి గరిష్ఠ సామర్థ్యంలో కొద్ది శాతమే చేతికి వస్తుంది.

అలాంటి యంత్రాలు లేని చిన్న ఊళ్ల సంగతి చూద్దాం. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల, దానికి పైనున్న వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడి జిల్లా కేంద్రాలయ్యాయి. 2008లో ఏర్పడ్డ పాలమూరు విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానిది. వనపర్తిలో జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ, సంస్థానపు రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్ ఉన్నాయి. ఇలాంటి చోట ఈ సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టడానికి సూపర్‌కంప్యూటర్ అక్కర్లేదు. నాలుగు కోర్ల ల్యాప్‌టాప్, లినక్స్, ఉచితంగా దొరికే జీఎన్‌యూ ఫోర్ట్రాన్ కంపైలర్ ఉంటే ఒక దిశ ప్రోగ్రాము సెకన్లలో, రెండు దిశలది నిమిషాల్లో తేలుతుంది. గ్రిడ్‌ను పెద్దది చేసి, కోర్లను ఒకటి నుంచి నాలుగు దాకా పెంచి సమయం కొలిస్తే, మెమరీ దారి నిండిపోవడం కళ్లెదుటే కనిపిస్తుంది. డిగ్రీ ప్రాజెక్టుకు ఇంతకన్నా చవకైన ప్రయోగం దొరకదు. మూడు దిశలకు వెళ్లాలంటే కాలేజీల కోసం సీడాక్ చేసిన పరమ్ శావక్ లాంటి బల్ల మీది యంత్రమో, పరమ్ సేవలో వాటానో కావాలి.

2023లో కేంద్రం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో క్వాంటం కంప్యూటర్ నెలకొల్పుతామని ప్రకటించాయి. అది వస్తే ఈ సాఫ్ట్‌వేర్ అవసరం తీరిపోతుందా అన్న ప్రశ్న తరచు వినబడుతోంది. హెరాన్ అతివాహక క్యూబిట్ల యంత్రం. క్యూబిట్ల పరిణామం రేఖీయం, గ్రాస్-పిటాయెవ్‌స్కీ సమీకరణం అరేఖీయం. కోటి గళ్ల గ్రిడ్ మీద ఒక తరంగాన్ని లక్ష అడుగులు నడిపే పని దానికి సహజంగా ఒదగదు. దానికి దగ్గరగా వచ్చేది జాలకంలో కొద్దిపాటి కణాల సమస్య, 20 స్థానాలు, 20 కణాల దగ్గర మామూలు యంత్రాల మెమరీ నిండిపోయే ఆ చోటు.